శరణార్థులు సొంత ఊరికి తిరిగొచ్చే హక్కు వదులుకోవాలన్న సరీ నుసైబా మాట సరైనదేనా?

పాలపిట్ట (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. నేను డిగ్రీ కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్తాను. మూడు వారాల నుంచి ఒక మనిషి జీవితం చదువుతున్నాను, మనసులోంచి పోవడం లేదు. అందుకే ఇక్కడ పెడుతున్నాను.

పేరు సరీ నుసైబా, పాలస్తీనా తత్వశాస్త్ర ప్రొఫెసర్. 1995 నుంచి 2014 వరకు జెరూసలేంలోని అల్-ఖుద్స్ యూనివర్సిటీకి అధ్యక్షుడు. 1949లో డమాస్కస్‌లో పుట్టాడు, యుద్ధం వల్ల కుటుంబం అక్కడికి చేరింది కాబట్టి. తండ్రి అన్వర్ నుసైబా, 1948లో ఇజ్రాయెల్ ఏర్పడినప్పుడు జరిగిన ఆ యుద్ధంలో ఒక కాలు పోగొట్టుకున్నాడు, తర్వాత జోర్డాన్ ప్రభుత్వంలో మంత్రి అయ్యాడు. జెరూసలేంలో క్రీస్తు సమాధి ఉన్న చర్చి తలుపు తీసి మూసే బాధ్యత తరతరాలుగా ఈ ముస్లిం కుటుంబానిది. సరీ ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు. హార్వర్డ్‌లో ఇస్లామిక్ తత్వశాస్త్రం మీద పీహెచ్‌డీ చేసి, 1978లో, 1967 నుంచి ఇజ్రాయెల్ ఆక్రమణలో ఉన్న పాలస్తీనా ప్రాంతం వెస్ట్ బ్యాంక్‌కు తిరిగొచ్చి బీర్‌జైట్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పాడు.

1987లో ఇజ్రాయెల్ అధికార పార్టీ లికుడ్‌కు చెందిన ఒకాయనతో రహస్యంగా శాంతి చర్చలు జరిపాడని తెలిసి, ముసుగులు వేసుకున్న కుర్రాళ్ళు బీర్‌జైట్ క్యాంపస్‌లోనే ఆయన్ని చితకబాదారు. చెయ్యి విరిగింది. నాలుగేళ్ళు తిరక్కుండానే, 1991 గల్ఫ్ యుద్ధం రోజుల్లో, ఇరాక్‌కు గూఢచారి అని చెప్పి ఇజ్రాయెల్ ఆయన్ని విచారణ లేకుండా మూడు నెలలు రమ్లా జైల్లో పెట్టింది. ఆయన తల్లి పుట్టింటివాళ్ళది ఆ రమ్లా వైపే. 1948లో వాళ్ళు పోగొట్టుకున్న నేల అది.

ఇక అసలు విషయం. 2001లో, రెండో ఇంతిఫాదా (పాలస్తీనావాళ్ళ తిరుగుబాటు) రక్తంలో మునిగి ఉన్నప్పుడు, పాలస్తీనా నాయకుడు అరాఫత్ ఆయన్ని జెరూసలేం వ్యవహారాలకు పీఎల్‌వో (పాలస్తీనా విమోచన సంస్థ) ప్రతినిధిగా వేశాడు. ఆ పదవిలో ఉంటూనే ఆయన బహిరంగంగా చెప్పాడు: మనకు సొంత దేశం కావాలంటే, 1948లో పోయిన ఊళ్ళకు శరణార్థులందరూ తిరిగి వెళ్ళే డిమాండ్ వదులుకోవాలి. 2002 జూలైలో ఇజ్రాయెల్ గూఢచార సంస్థ షిన్ బెత్ మాజీ అధిపతి అమీ అయలోన్‌తో కలిసి ఒక పేజీ ఒప్పందం మీద సంతకం చేశాడు. 1967 యుద్ధానికి ముందున్న సరిహద్దుల ఆధారంగా రెండు దేశాలు, ఇద్దరికీ రాజధానిగా తెరిచి ఉన్న జెరూసలేం, సైన్యం లేని పాలస్తీనా. శరణార్థులు పాలస్తీనా దేశానికి మాత్రమే వస్తారు, యూదులు ఇజ్రాయెల్‌కు మాత్రమే వస్తారు. ఇది నాయకుల మధ్య కాగితంలా మిగిలిపోకూడదని రెండు వైపులా జనం సంతకాలు సేకరించారు. ఇజ్రాయెల్‌లో సుమారు 2.5 లక్షలు, పాలస్తీనా వైపు సుమారు 1.6 లక్షలు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆయన చేసింది సరైనదే అనుకుంటున్నాను. సొంత జనానికి ఎవరూ చెప్పని కష్టమైన నిజం చెప్పాడు. మీరేమంటారు?

కృష్ణాతీరం

పాలపిట్ట గారూ, మీరు గౌరవంగా రాశారు కాబట్టి నేనూ అలాగే చెప్తాను. కానీ ఈ విషయంలో మీతో అస్సలు ఏకీభవించను.

1948లో ఇళ్ళు వదిలి పోయినవాళ్ళు, తరిమేయబడినవాళ్ళు ఏడు లక్షల పైచిలుకు. ఆ ఏడాది డిసెంబర్ 11న ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీ 194వ తీర్మానం చేసింది. తిరిగి వెళ్ళి పొరుగువారితో శాంతిగా బతకాలనుకునేవాళ్ళను వెళ్ళనివ్వాలి, వద్దనుకునేవాళ్ళకు పరిహారం ఇవ్వాలి అని. వెళ్ళాలా వద్దా అన్నది ఆ మనిషి ఇష్టం. అంటే ఆ హక్కు ఒక్కొక్కరిది. పీఎల్‌వోది కాదు, అరాఫత్‌ది కాదు, యూనివర్సిటీ అధ్యక్షుడిది అసలే కాదు. నా పొలం మీద మా ఊరి పెద్దమనిషి వెళ్ళి రాజీ సంతకం పెట్టి వస్తే చెల్లుతుందా?

ఇంకోటి. ఆయన జెరూసలేంలో పెద్ద కుటుంబం. లెబనాన్‌లో ఐన్ అల్-హిల్వే శరణార్థి క్యాంపులో, నాబ్లస్ పక్కన బలాటా క్యాంపులో సందుల్లో పుట్టి పెరిగినవాడి తరఫున ఆయన ఎలా మాట్లాడతాడు? ధైర్యం ఉండొచ్చు, కాదనను. మన దగ్గర లేనిదాన్ని దానం చేయడానికి ధైర్యం ఉంటే సరిపోదు కదా.

పాలపిట్ట

పొలం పోలిక బాగుంది కానీ సరిపోదండి. ఆయన రహస్యంగా సంతకం పెట్టి రాలేదు. అదే ఆయన ప్రత్యేకత. 1993లో ఇజ్రాయెల్, పీఎల్‌వోల మధ్య ఓస్లో ఒప్పందం నార్వేలో మూసిన తలుపుల వెనక జరిగింది, జనానికి అయ్యాక తెలిసింది. ఈయన కాగితం పట్టుకుని వెళ్ళి, చదవండి, నచ్చితే పేరు రాసి సంతకం పెట్టండి అన్నాడు. బాంబులు పేలుతున్న రోజుల్లో, కర్ఫ్యూల మధ్య, ఇలాంటి కాగితం మీద సొంత పేరు రాయడం ఎంత టెన్షనో ఆలోచించండి. అయినా లక్షన్నర మంది పైన రాశారు.

ఆయన వాదన కూడా తేలిగ్గా తీసేయలేం. రెండు దేశాలు కావాలంటాం, అందులో ఒకటి మనది. రెండో దేశంలోకి కూడా లక్షల మంది మనవాళ్ళు వెళ్ళాలంటాం. ఈ రెండూ ఒకే నోటితో అడిగితే ఎదుటివాడు ఏది నమ్మాలి? ఈ వైరుధ్యం పాలస్తీనా నాయకులందరికీ తెలుసు. మైకు ముందు చెప్పింది ఈయనే.

రాయచోటి

నేను చదువుకున్నవాణ్ణి కాదు, తప్పుంటే మన్నించండి. 1984 నుంచి 1990 దాకా కువైట్‌లో డ్రైవర్‌గా పనిచేశాను. పాలస్తీనావాళ్ళ మధ్యనే బతికాను కాబట్టి రాస్తున్నాను.

మా బిల్డింగులో పై అంతస్తులో ఒక మాస్టారు ఉండేవాడు. స్కూల్లో లెక్కలు చెప్పేవాడు. అప్పట్లో కువైట్ బడుల్లో పాలస్తీనా టీచర్లు చాలామంది. వాళ్ళ నాయన మజ్దల్ అనే ఊళ్ళో మగ్గం నేసేవాడంట. ఇప్పుడా ఊరు ఇజ్రాయెల్‌లో అష్కెలాన్. 1948 గొడవల్లో గాజాకు వచ్చి పడ్డారు. మా మేనమామలది కూడా నేతపనే, అందుకని మాకు మాట కలిసింది.

1990 ఆగస్టులో సద్దాం సైన్యం వచ్చింది. మేము కొన్ని వారాలు దాక్కుని, బస్సుల్లో బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేరాము. ఎడారిలో గుడారాల్లో పడి ఉన్నాము. అమ్మాన్ నుంచి విమానాలు వేసి మన ప్రభుత్వం లక్షా డెబ్బై వేల మందిని తెచ్చింది. బొంబాయిలో దిగినాక నేల మీద చెయ్యి పెట్టి కళ్ళకద్దుకున్నాను.

బయల్దేరే ముందు రోజు మాస్టారి దగ్గరకు పోయాను. మీరెప్పుడు పోతారు అని అడిగాను. ఎక్కడికి అన్నాడు. ఆయన దగ్గర ఉండేది ఈజిప్ట్ ఇచ్చిన శరణార్థి కాగితం. అది పట్టుకుని ఈజిప్ట్‌లో కూడా ఉండనివ్వరు. గాజాకు ఇజ్రాయెల్ రానివ్వదు. నాకు పాస్‌పోర్టు ఉంది, దాని మీద ఒక దేశం పేరుంది. ఆయన నాకంటే పదింతలు చదువుకున్నాడు, ఆయనకు అది లేదు. యుద్ధం అయినాక, అరాఫత్ సద్దాంను వెనకేసుకొచ్చాడని, కువైట్ లక్షల మంది పాలస్తీనా వాళ్ళను ఉండనివ్వలేదు.

అందుకని ఆ ప్రొఫెసర్ చెప్పింది నాకు న్యాయంగానే అనిపిస్తుంది. ముందు ఒక దేశం రానీ. వాళ్ళ బిడ్డలకు ఒక పాస్‌పోర్టు రానీ. మజ్దల్ సంగతి తర్వాత.

కృష్ణాతీరం

పెద్దాయనా, మీ పోస్టు రెండుసార్లు చదివాను. ఇక్కడ ఎవరి మాటకూ అంత బరువు లేదు.

కానీ ఒక్కటి అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. "మజ్దల్ సంగతి తర్వాత" అని మీరన్నారు. నుసైబా కాగితంలో తర్వాత అని లేదు. పాలస్తీనా దేశానికి మాత్రమే అని ఉంది. ఈ ఒప్పందం పూర్తిగా అమలైతే రెండు వైపులా ఇక ఏ డిమాండూ ఉండదని కూడా ఉంది. అంటే అక్కడితో సరి.

పాలపిట్ట గారూ, మీరు చెప్పిన 1.6 లక్షల సంతకాల గురించి. అవి వెస్ట్ బ్యాంక్, గాజాల్లో తిరిగి సేకరించినవి. ఆ ఒప్పందం వల్ల వాళ్ళకు కలిసొచ్చేది ఎక్కువ. సైన్యం పోతుంది, చెక్‌పోస్టులు పోతాయి. వాళ్ళలోనూ శరణార్థులున్నారు, నిజమే. కానీ ఈ ఒప్పందంలో అన్నిటికంటే ఎక్కువ వదులుకోవాల్సింది లెబనాన్, సిరియా, జోర్డాన్ క్యాంపుల్లో ఉన్నవాళ్ళు. వాళ్ళ దగ్గరకు ఆ కాగితం వెళ్ళిందా? నష్టపోయేవాణ్ణి వదిలేసి లాభపడేవాడి సంతకం తీసుకుంటే దాన్ని జనామోదం అనగలమా?

ఎర్రమట్టి

మీరంతా శరణార్థుల దగ్గరే ఆగిపోయారు. నాకు ఆయన మీద అంతకంటే పెద్ద ఫిర్యాదు ఉంది, అది యూనివర్సిటీ అధ్యక్షుడిగా చేసిన పని మీద.

2005 ఏప్రిల్‌లో బ్రిటన్ అధ్యాపకుల సంఘం ఇజ్రాయెల్‌లోని హైఫా, బార్-ఇలాన్ యూనివర్సిటీలను బహిష్కరించాలని తీర్మానించింది. పాలస్తీనా మేధావులు అంతకుముందు ఏడాదే ఈ పిలుపు ఇచ్చారు. ఎన్నో ఏళ్ళకు బయటి ప్రపంచంలో ఒక గొంతు కలిసింది. సరిగ్గా అప్పుడు నుసైబా ఇజ్రాయెల్ వాళ్ళ హీబ్రూ యూనివర్సిటీ అధ్యక్షుడితో కలిసి బహిష్కరణ వద్దు, సహకారం కావాలి అని ప్రకటన ఇచ్చాడు. ఆ మే నెల్లోనే బ్రిటన్ సంఘం తీర్మానం వెనక్కి తీసుకుంది. పాలస్తీనా అధ్యాపకుల సంఘం ఆయన్ని పదవి నుంచి తీసేయాలని అడిగింది. ఆ కోపం నాకు అర్థమవుతుంది.

పక్కనే ఇంకో యూనివర్సిటీ అధ్యక్షుడి జీవితం చూడండి. హన్నా నాసిర్. భౌతికశాస్త్రం ప్రొఫెసర్, బీర్‌జైట్‌కు అధ్యక్షుడు. వాళ్ళ కుటుంబం 1924లో పెట్టిన చిన్న బడి పెరిగి యూనివర్సిటీ అయింది. 1974 నవంబర్‌లో ఇజ్రాయెల్ సైన్యం ఆయన్ని పట్టుకుని లెబనాన్ సరిహద్దు దాటించి వదిలేసింది. 1993 దాకా సొంత ఊరికి రానివ్వలేదు. పంతొమ్మిదేళ్ళు అమ్మాన్‌లో కూర్చుని యూనివర్సిటీ నడిపాడు. మొదటి ఇంతిఫాదాలో 1988 జనవరి నుంచి 1992 ఏప్రిల్ దాకా, 51 నెలలు, బీర్‌జైట్‌ను మూసేశారు. అధ్యాపకులు ఇళ్ళలో, ఎక్కడ చోటు దొరికితే అక్కడ క్లాసులు చెప్పారు. ఒక మనిషి చదువు చెప్పడమే నేరమైన చోట, ఆ ఆంక్షల గురించి ఇజ్రాయెల్ యూనివర్సిటీలు సంస్థలుగా ఏం చేశాయి? ఆ ప్రశ్నకు జవాబు రాకుండా సహకారం అనే మాట నాకు మింగుడు పడదు.

నాసిర్ 2002 నుంచి చాలా ఏళ్ళు పాలస్తీనా ఎన్నికల సంఘం అధ్యక్షుడిగా ఉన్నాడు. 2006లో హమాస్ గెలిచిన ఎన్నికలు నడిపింది ఆయన సంఘమే. తనకు ఫలితం నచ్చిందా లేదా అన్నది పక్కన పెట్టి లెక్క సరిగ్గా చెప్పాడు. యూనివర్సిటీ నడిపినవాడు జనానికి చేయాల్సిన పని అదీ అంటాను నేను.

పాలపిట్ట

ఎర్రమట్టి గారూ, నాసిర్ గురించి మీరు రాసిన ప్రతి మాటా ఒప్పుకుంటాను. కానీ ఆయన్ని చూపించి ఈయన్ని చిన్నబుచ్చడం సరికాదు. ఇద్దరూ ఒకే ఆక్రమణ కింద నలిగినవాళ్ళు. బీర్‌జైట్ మూసేసినప్పుడు నుసైబా కూడా ఆ అధ్యాపకుల్లో ఒకడే.

2005 తర్వాత కథ కూడా చెప్పాలి. 2008 డిసెంబర్, 2009 జనవరిలో గాజా మీద దాడి జరిగాక, ఇదే నుసైబా అధ్యక్షుడిగా ఉన్న అల్-ఖుద్స్, ఇజ్రాయెల్ యూనివర్సిటీలతో సహకారం ఆపేసింది. మాట మార్చాడని కొందరంటారు. ఎదురుచూసి ఎదురుచూసి చేసిన పని అని నాకనిపిస్తుంది. అన్నేళ్ళ సహకారం వల్ల ఆక్రమణ ఒక్క అంగుళం కూడా వెనక్కి తగ్గలేదని ఆయనే ఒప్పుకున్నట్టు కదా అది.

చదువరి

ఒక సంఘటన ఎవరూ రాయలేదు. 2003లో ఇజ్రాయెల్ వెస్ట్ బ్యాంక్‌ను వేరు చేస్తూ కడుతున్న గోడ, జెరూసలేం పక్కన అబూ దిస్‌లో ఉన్న అల్-ఖుద్స్ క్యాంపస్ ఆటస్థలం మీదుగా వెళ్ళాలి. బుల్డోజర్లు వచ్చాయి. విద్యార్థులు రాళ్ళు విసిరితే కాల్పులు జరిగేవి, గోడ కూడా లేచేది. నుసైబా అలా జరగనివ్వలేదు. విద్యార్థుల్ని, అధ్యాపకుల్ని తీసుకెళ్ళి ఆ మైదానంలోనే కూర్చున్నాడు. 34 రోజులు. అక్కడే ఫుట్‌బాల్ ఆడారు, అక్కడే క్లాసులు. విషయం అమెరికా దాకా వెళ్ళింది. చివరికి గోడ దారి మార్చారు, మైదానం మిగిలింది.

తత్వశాస్త్రం మాస్టారు చేసిన రాజకీయాల్లో కంటికి కనిపించే ఫలితం ఇచ్చింది నాకు తెలిసి ఇదొక్కటే. ఎవరి హక్కూ వదలకుండా సాధించినది కూడా ఇదే.

కృష్ణాతీరం

చదువరి గారు చెప్పిన చివరి వాక్యమే నేను మొదటి నుంచీ చెప్తున్నది.

ఎర్రమట్టి

గోడ దారి మారింది కానీ గోడ ఆగలేదు. అబూ దిస్‌లో ఎనిమిది మీటర్ల ఎత్తున అది ఇప్పటికీ ఉంది. జెరూసలేం నుంచి అంతకుముందు కొద్ది నిమిషాల్లో వచ్చే విద్యార్థి చుట్టూ తిరిగి, చెక్‌పోస్టు దాటి రావాలి. ఆ 34 రోజుల్ని తక్కువ చేయడం లేదు. ఆ గెలుపు కొలత ఎంతో కూడా చెప్పాలి కాబట్టి రాశాను.

గోరింట

నేను వేరే దేశంలో చదువుకుంటున్నాను, మా క్యాంపస్‌లో ఈ గొడవలు రోజూ చూస్తాను. నుసైబా 2011లో రాసిన పుస్తకం గురించి ఎవరైనా మాట్లాడతారేమో అని చూశాను. రెండు దేశాల ఆశ అడుగంటిందని చెప్పి అందులో ఆయన ఒక ఆలోచన పెట్టాడు. ఇజ్రాయెల్ ఈ నేలనంతా తనలోనే ఉంచుకోదలిస్తే, పాలస్తీనావాళ్ళకు కనీసం పౌరహక్కులన్నీ ఇవ్వాలి. తిరగడానికి, పని చేయడానికి, వైద్యానికి, చదువుకు అన్నిటికీ. ఓటు హక్కు, పదవి తప్ప.

నాకు ఇది చదివి గుండె బరువెక్కింది. ఇరవై ఏళ్ళు స్వతంత్ర దేశం కోసం దెబ్బలు తిని, జైలుకెళ్ళిన మనిషి చివరికి ఓటు లేని బతుకైనా సరే అనే చోటికి వచ్చాడా అని. తర్వాత ఇంకోలా కూడా అనిపించింది. దేశం అనేది మనిషి కోసమే కానీ మనిషి దేశం కోసం కాదని ఆయన నమ్మకం. 1980లలోనే ఆయన, మమ్మల్ని కలుపుకోండి, సమాన హక్కులివ్వండి అని సవాలు చేశాడు. జెండా ఏదైనా సరే, చెక్‌పోస్టు దగ్గర బిడ్డను ఎత్తుకుని ఎండలో నిలబడిన అమ్మ గురించి ఆలోచించాడు.

కానీ ఒప్పుకోలేను. ఓటు లేనివాడికి ఇచ్చిన మిగతా హక్కులన్నీ ఇచ్చినవాడి దయ మీద నడుస్తాయి. రేపు తీసేస్తే అడిగే దారి లేదు.

పాలపిట్ట

గోరింట గారూ, ఆ పుస్తకం విషయంలో మీతోనే ఉన్నాను. అది పరిష్కారంగా చెప్పాడా, ఇజ్రాయెల్ సమాజానికి అద్దం పట్టడానికి చెప్పాడా అన్నది చదివినవాళ్ళు ఇప్పటికీ వాదించుకుంటారు. అద్దమే అయినా, అందులో తన జనాన్ని ఓటు లేకుండా నిలబెట్టాల్సింది కాదు.

ఆయన పదవిలో చివరి నెలలు కూడా బాధగానే గడిచాయి. 2013 నవంబర్‌లో ఇస్లామిక్ జిహాద్ అనే పాలస్తీనా సాయుధ సంస్థ అభిమానులు అబూ దిస్ క్యాంపస్‌లో నాజీల తరహా సెల్యూట్లతో కవాతు చేశారు. నుసైబా విద్యార్థులకు రాసిన లేఖలో సూటిగా ఖండించకుండా, యూదు అతివాదులు దీన్ని వాడుకుని యూనివర్సిటీ పరువు తీస్తున్నారన్న మాట ముందు పెట్టాడని విమర్శ వచ్చింది. అమెరికాలోని బ్రాండైస్ యూనివర్సిటీ సంబంధాలు నిలిపేసింది. బార్డ్ కాలేజీ మాత్రం తెంచుకోలేదు. నా ఉద్దేశంలో ఆ లేఖ తప్పే. ముందు ఖండించి, తర్వాత మిగతాది రాయాల్సింది. కానీ జీవితమంతా సంభాషణ కోసం సొంతవాళ్ళతో దెబ్బలు తిన్న మనిషితో, ఒక లేఖ చూసి సంభాషణ ఆపేయడం కూడా అన్యాయమే. 2014లో పదవి నుంచి తప్పుకున్నాడు.

ఇక కృష్ణాతీరం గారి ప్రశ్న. రాత్రంతా ఆలోచించాను. ఎక్కువ నష్టపోయేవాళ్ళ దగ్గరకు కాగితం వెళ్ళలేదు అన్నది నిజం. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆయన నోరు విప్పడం సరైనదే అని ఇప్పటికీ అంటాను. అలా చెప్పడం ఆయన హక్కు, దానికి ఆయన మూల్యం కూడా చెల్లించాడు. 2002 చివర్లో ఆ జెరూసలేం పదవి పోయింది. అంతకుముందు జూలైలోనే ఇజ్రాయెల్ ఆయన ఆఫీసుకు తాళం వేసింది. రెండు వైపులా తలుపులు మూశారు. కానీ "నా అభిప్రాయం ఇది" అనడం వేరు, లెబనాన్ క్యాంపులో ఉన్నవాళ్ళ పేరు మీద "ఇక డిమాండ్ లేదు" అని రాయడం వేరు. రెండోది చేయకుండా ఉండాల్సింది. మొదటి పోస్టులో నేను ఈ రెండిటినీ కలిపేశాను.

కృష్ణాతీరం

ధన్యవాదాలండి. నేనూ ఒకటి ఒప్పుకోవాలి. పెద్ద కుటుంబం కాబట్టి మాట్లాడే అర్హత లేదన్నట్టు రాశాను, అది తప్పు. తల్లి పుట్టింటివాళ్ళ ఊరి జైల్లో కూర్చున్నవాడికి పోగొట్టుకోవడం అంటే ఏమిటో తెలియదని ఎలా అంటాను? తెలిసి కూడా వదులుకోమన్నాడు. అది ఆయన వాటా వరకు చెల్లుతుంది. పక్కవాడి వాటాకు చెల్లదు అన్నదే నా మాట.

రాయచోటి గారూ, మీ మాస్టారిని ఎవరైనా అడిగి ఉంటే ఏమనేవాడో మీకే తెలియాలి. పాస్‌పోర్టు చాలు అనేవాడా?

రాయచోటి

రెండు రోజులుగా దీని గురించే ఆలోచిస్తా ఉన్నాను నాయనా.

1992లో ఒక ఉత్తరం వచ్చింది, యెమెన్ నుంచి. సనాలో బడిలో పని దొరికిందని, పిల్లలు బాగున్నారని, నీ కూతురికి పెళ్ళి చేసినావా అని. దాని తర్వాత రాలేదు. నేను రాసినదానికి జవాబు రాలేదు.

ఆయన మజ్దల్ గురించి చాలా చెప్పేవాడు. వాళ్ళ నాయన నేసే బట్టకు అంచు ఏ రంగు వేసేవాళ్ళో చెప్పేవాడు. ఆయన పుట్టింది గాజాలో, ఆ ఊరు కంటితో చూసిందే లేదు. నేను మా మామ మగ్గం గురించి చెప్పేవాణ్ణి. ఆరేళ్ళు ఒకే బిల్డింగులో ఉన్నాము. నేను అడిగింది ఆ రోజు ఒక్కటే, ఎప్పుడు పోతారు అని. పోవాలని ఉందా అని ఎప్పుడూ అడగలేదు.